దీప పెండ్లికి ఐరేని కుండలు

ఎర్రకుంటపల్లి, వర్ధన్నపేట మండలం
నవంబర్ 27

చంద్రన్నకు, వినోద వదినకు శోభ దండాలు.

కాయిదం చూసి బుగులు పడకు, అందరం బతికే ఉన్నం. ఫోనుండంగ ఉత్తరమేందంటవా? ఫోన్ల నా మాట నోట్లె ఉండంగనే నువ్వు "సరే సరే, డ్యూటీ టైమైంది" అని పెట్టేస్తవు. కాయిదం మీదనైతే నా మాటకు అడ్డం రాలేవు. మొత్తం సదివినంకనే కోపం చెయ్యి.

మీ బావ సంగతి నీకు ఎరుకే. ట్రాక్టరు మీదికెల్లి చెరువు మట్టి దించంగ మంచుకు కాలు జారి పడ్డడు, కుడి జబ్బ బొక్క ఇరిగింది. వరంగల్ దవాఖానల పట్టి కట్టి, మాఘం దాక ఆ చెయ్యి లేపొద్దన్నరు. ఇంట్ల కూసోని కూసోని మనిషి సగమైండు. కాకుల మీద ఒర్రుతాండు, కోళ్ళ మీద ఒర్రుతాండు, ఎవ్వరు దొరకకపోతే నా మీద ఒర్రుతాండు.

ఇగ అసలు సంగతి. ఐనోలు మల్లన్న జాతర మొదలైతే ఊరంత బోనం ఎత్తుతది. మల్లన్నకు బువ్వ కొత్త కుండల్నే వండాలె, ఆ కుండ మా ఇంటిదే కావాలె. మా మామ వాళ్ళ తాత కాలంకెల్లి ఇదే నడుస్తాంది. ఈ ఒక్క ఏడు మేం ఇయ్యకపోతే లారీల వచ్చే అచ్చు కుండలు కొంటరు, లేదంటే స్టీలు గిన్నెకు పసుపు రాసుకొని పోతరు. ఒక్కసారి అలవాటు తప్పిందంటే మల్ల మా గడప తొక్కరు. మా పిలగాడు మధుకు సారె తిప్పరాదు, వాడు హన్మకొండల సెల్‌ఫోన్ల షాపు ఇడిసిపెట్టి రాడు.

అందుకే మొన్న సోమారం పొద్దుగాల నేనే సారె మీద కుండ చేసుడు మొదలు పెట్టిన.

ఆగు, కాయిదం చింపకు. మన కులంల ఆడది సారె ముట్టొద్దని నాకు గూడ ఎరుకే. మట్టిల రాళ్ళు ఏరొచ్చు, నీళ్ళు పోసి తొక్కొచ్చు, పచ్చి కుండను చెక్కతోటి కొట్టి పెద్దగ చెయ్యొచ్చు, వాముల పేర్చి కాల్చొచ్చు, గంప నెత్తిన పెట్టుకొని ఊరూరు తిరిగి అమ్మొచ్చు. ఇన్ని చెయ్యొచ్చుగని ఆ ఒక్క చక్రం ముట్టుకుంటే అరిష్టమట. ఈ నియమం ఎవరు పెట్టిండ్లో గని, మట్టి తొక్కేటోళ్ళయితే పెట్టలే.

మొదటి దినం ఒక్క కుండ నిలబడలే. సలికి మట్టి మంచుగడ్డ లెక్కుంటది, వేళ్ళు తిమ్మిరెక్కుతయి. ఒకటి వంకర పోయింది, ఒకటి ఎగిరి మీ బావ మంచం కాడ పడ్డది. నాకు నవ్వొచ్చింది. ఆయన నవ్వలే, "మట్టిల ఎచ్చని నీళ్ళు కలుపు" అన్నడు.

మీ బిడ్డ దీప పెండ్లి మూఢాలు పోయినంక ఫిబ్రవరి ఆఖర్ల అని వదిన చెప్పింది. పెండ్లి పీటల కాడ పెట్టే ఐరేని కుండలు మేనత్త ఇంటికెల్లే పోవాలె, ఆ హక్కు నాది. నా చేత్తోనే చేసి, సున్నం, జాజు పెట్టి ఉంచుత. మీరు బాజాతోటి వచ్చి తీస్కపోవాలె.

జవాబు నా పేరు మీద రాయి.

నీ చెల్లె,
శోభ

*

రైల్వే క్వార్టర్స్, బల్లార్షా
డిసెంబర్ 5

సదానందం బావకు నమస్కారం. చెల్లె శోభకు ఆశీస్సులు.

కవరు బావ పేరు మీద రాసిన. ఇంటికి పెద్ద ఆయన. ఆయన సదివి నీకు వినిపిస్తడు.

ఇక్కడ సలి విపరీతంగా ఉన్నది. రెండు స్వెటర్లు, మంకీ టోపీ పెట్టుకొని డ్యూటీకి పోతున్న. ఢిల్లీ దిక్కు బండ్లన్ని మంచుకు లేటు. నిలబడి నిలబడి మోకాళ్ళు పట్టేస్తున్నయి. వినోద కారంపొడి కొట్టి మీకు పంపుదామన్నది, ఇంకా కొట్టలే.

శోభా, నీది చిన్నప్పటికెల్లి మొండి తలకాయ. కాని దేనికైనా ఒక హద్దుంటది. సారె అంటే మనకు దేవుడు. మన బాపు పోశయ్య తానం చెయ్యకుండ ఒక్కనాడు దాని మీద చెయ్యి పెట్టలే. తిరిగి ఆడది చెడె, తిరగక మగోడు చెడె అని పెద్దలు ఊకనే అన్నరా? కులపోళ్ళకు తెలిస్తే బావ ఇజ్జత్ ఏం గావాలె? పెండ్లాం సారె మీద కూసుంటే మొగడు మంచంల పండుకొని చూస్తాండంటరు. దీపను చేసుకునేటోళ్ళు గూడ మన కులపోళ్ళే, పరకాల దిక్కు వాళ్ళు. వాళ్ళ చెవిల పడితే నేనేం జవాబు చెప్పాలె?

నువ్వు ఫికర్ చెయ్యకు. నెక్కొండల రాజమల్లు చిన్నాయినతోటి మాట్లాడిన. జాతరకు సరిపోయే కుండలు ఆటోల తెచ్చి మీ వాకిట్ల దించుతడు. మీ ఇంటియే అని చెప్పి ఊరికి పంచుండ్లి. ఎవ్వరికీ తెల్వదు. నువ్వు మాత్రం సారె దిగు.

ఇట్లు,
చంద్రమౌళి

*

ఎర్రకుంటపల్లి
డిసెంబర్ 13

అన్నకు దండాలు.

నీ ఉత్తరం అందింది. నాకు గాదు, ఆయనకు. నేను ఇంటెనుక పిడకలు ఎండపెట్టుకుంటాన. లోపటికి వచ్చే వరకే ఆయన సదివి, మడిచి, మెత్త కింద పెట్టుకొని గోడ దిక్కు తిరిగి పండుకున్నడు. ఆ పూట అన్నం తినలే, ఆ ఎనుక గూడ సరిగ తింటలేడు. అప్పటికెల్లి నాతోటి మాట లేదు. పెండ్లాం కూసుంటే మొగడు పండుకొని చూస్తాండంటరని రాసినవు సూడు, బొక్క ఇరిగిన నాడు గూడ ఆయనకు గంత నొయ్యలే. కుమ్మరికి ఏడాది, గుదియకు ఒక పెట్టు అంటరు. నువ్వు ఏసింది ఆ ఒక్క పెట్టు.

అంతకుముందు మంచంల నుంచే జర జర చెప్తుండె. మోచెయ్యి మోకాలికి ఆనియ్యి, ఊపిరి బిగవట్టకు, అంచు కాడ తొందర పడకు అని. ఇప్పుడు అదీ లేదు. కర్ర పెట్టి నేనే తిప్పుకుంటాన, ఉరికొచ్చి నేనే కూసుంటాన. కుండ సగంల ఉండంగ సారె ఆగుతది, మల్ల లేస్త. అయినా ఇప్పుడు కుండలు నిలబడుతున్నయి. అందంగ ఉన్నయని చెప్పను, నిలబడుతున్నయి.

రాజమల్లు చిన్నాయిన ఆటో వచ్చింది. వాపస్ పంపిన. చిన్నాయిన కుండలకు వంక పెట్టను, కాని వేరే ఇంటి కుండకు మా ఇంటి పేరు పెట్టి మల్లన్నకు బువ్వ వండిస్తనా? ఆడది సారె ముడితే పాపమని రాసిన చేత్తోనే దేవునికి అబద్ధం చెప్పుమని రాసినవు. నీ పాపాల తీరు నాకు సమజ్ కాలే.

తిరిగి ఆడది చెడె అన్నవు. నేను కూసున్నకాడనే కూసున్న గదనే. తిరిగేది సారె. దేశం పట్టుకొని తిరిగేది నువ్వు. సారె ఇడిసిపెట్టి రైలు పట్టుకొని పోయినోనికి దాని నియమాలు ఇంత బాగ యాదికుండుడు నాకైతే తాజ్జుబే.

సలికాలం కుమ్మరోని బతుకు నువ్వు మరిచిపోయినట్టుంది, చెప్త విను. పొద్దెక్కినా మంచు ఇడువది. ఎండ వచ్చినంక ఒక్కొక్క కుండను బయట పెట్టాలె, నీడ జరిగినకొద్ది జరుపాలె, పొద్దు గూకక ముందే లోపట పెట్టి గోనెసంచులు కప్పాలె. పసిపిల్లల సాదినట్టే. చేతులు పగిలి, మట్టి ముట్టుకుంటే సుర్రుమంటాంది. మంచినూనె రాసుకొని మల్ల కూసుంటాన.

ఈ వారంల వాము పెడత. నా పేరు మీద రాయమన్న మాట మరువకు.

శోభ

*

బల్లార్షా
డిసెంబర్ 24

శోభకు,

కులసంఘం శ్యాంసుందర్ ఫోన్ చేసి అంతా చెప్పిండు. వాము తీస్తే సగానికి ఎక్కువ పెంకులేనట గదా. ఫోటో గూడ పంపిండు. చూసి నాకు అన్నం పోలే. వద్దన్న పని చేస్తే ఏమైతదో ఇప్పుడన్న తెలిసిందా? సారె ఊకుంటదా?

బావ తిండి మానేసిండని గూడ చెప్పిండు. ఎందుకు మానెయ్యడు? సిగ్గుకు. నువ్వు చేసే పని చూడలేక. అంత మెత్తటి మనిషి నీకు దొరికిండు గనుక చెల్లుతున్నది.

ఇది నా ఆఖరి మాట. దీప ఐరేని కుండలు నెక్కొండకెల్లి తెస్త. నువ్వు పెండ్లికి మేనత్త లెక్క రా, ముందర కూసో, పట్టుచీర పెడత. కుండల మాట మాత్రం ఎత్తకు. ఈ ముచ్చట విన్నకాడికెల్లి వినోద నాతోటి ముభావంగా ఉన్నది. అది గూడ నీ పుణ్యమే.

కవరు మీద "సదానందం గారి భార్య" అని రాసిన. సంతోషమేనా?

చంద్రమౌళి

*

ఎర్రకుంటపల్లి
జనవరి 4

అన్నా,

సదానందం గారి భార్య రాస్తాంది. ఆమెకు శోభారాణి అని మన బాపు పేరు పెట్టిండు, నీకు యాదికుంటే.

అవు, పలిగినయి. దాచిపెట్టుడెందుకు? వాము అంటుకున్నంక లోపల ఠప్పు ఠప్పుమంటాంటే ఒక్కొక్క సప్పుడు నా రొమ్ముల తగిలింది. బూడిద తీసి చూసి, పెంకుల నడుమ కూసోని ఏడ్చిన. శ్యాంసుందర్ పెద్దమనిషి వచ్చిండు, నేను ఏడ్చేది పక్కకు పెట్టి ఫోటో తీసుకొని పోయిండు.

ఎందుకు పలిగినయో విను. కుండ లోపటి దాక ఎండిందో లేదో చెంపకు ఆనిచ్చి చూస్తం గదా, బాపు చేస్తుండె. సల్లగ తగిలితే లోపల తడి ఉన్నట్టు. నేను గూడ అన్ని ఆనిచ్చి చూసిన, ఒక్కటి సల్లగ తగల్లే. ఇగ ఎండినయనుకొని వాముల పేర్చిన. కాని నేను చూసింది ఎప్పుడు? పొద్దుగాల్ల బోరుకాడ మొకం కడుక్కొని, మంచుల నిలబడి. నా చెంపనే సల్లబడి ఉన్నది, కుండ సలువ దానికేం తెలుస్తది?

ఇది చెప్పింది మీ బావ. నేను ఏడ్చుడు విని మంచం మీదికెల్లి లేచి వచ్చిండు. ఒక పెంకు తీసి చూసిండు, పొరలు పొరలు లేచి ఉన్నది. తడి చేసిన పని ఇది అన్నడు. "చెంప ఎచ్చగ చేసుకొని చూసినవా?" అని అడిగిండు. నీ ఉత్తరం వచ్చినకాడికెల్లి ఆయన నాతోటి అన్న మొదటి మాట అది.

అప్పుడు నాకు యాదికొచ్చింది. పెండ్లయినకాడికెల్లి చూస్తాన, సలికాలం వచ్చిందంటే ఈ మనిషి పొయ్యి ముందర కూసోని, బీడీ కాల్చి, చెంపలు రుద్దుకుంట రుద్దుకుంట గాని కుండల కాడికి పోడు. అది బద్ధకమనుకొని ఇన్నేండ్లు తిట్టిన. ఆయన గూడ ఒక్కనాడు చెప్పలే, నేను తిడుతాంటే ఇంకో బీడీ ముట్టిచ్చెటోడు.

తెల్లారి నేను పోయే వరకు ఆయన సారె కాడనే ఉన్నడు. ఎడమ చేత్తోటి కర్ర పట్టుకొని "కూసో" అన్నడు. అప్పటికెల్లి ఆయన తిప్పుతాండు, నేను చేస్తాన. నా చేతిల కుండ సగంల ఉండంగ ఇప్పుడు సారె ఆగదు. నువ్వు సిగ్గుకు తింటలేడని రాసినవు. ఆయన అన్నం మానేసింది నా కుండలు చూసి గాదు, నీ ఉత్తరం సదివి. ఇప్పుడు రెండు పూటల తింటాండు, కూరల ఉప్పు తక్కువైందని గులుగుతాండు గూడ.

బాపు వాము గూడ ఒక తుపాను ఏడు పలిగింది. అప్పుడు అందరు వాన అన్నరు, తడి అన్నరు. బాపును సారె దిగుమని ఎవ్వరన్నరు? అత్త కొట్టిన కుండ అడుగోటి కుండ, కోడలు కొట్టిన కుండ కొత్త కుండ. గట్ల ఉన్నది మీ న్యాయం.

రెండో వాము నిన్న తీసినం. ఎర్రగ, నిండుగ కాలినయి. పలిగినయి చేతి వేళ్ళ మీద లెక్కపెట్టేటన్నే. వాకిట్ల వరుసగ పెట్టిన. ఇంతవరకు ఎవ్వరు రాలే. దారిన పోతాండ్లు, చూస్తాండ్లు, పోతాండ్లు. నాకు భయమైతాంది అన్నా, నీకు చెప్పక ఎవరికి చెప్పుకోవాలె? భయమైతాంది గని దిగను.

దీప కుండలు నెక్కొండకెల్లి తెచ్చుకుంటవా, తెచ్చుకో. నేను మాత్రం చేసి పెడత. నువ్వు తీస్కపోకపోతే మా వాకిట్లనే ఉంటయి, చూసినోళ్ళందరు ఎవరియని అడుగుతరు, చెప్త. పట్టుచీర వదినకే కట్టబెట్టు.

శోభ

*

బల్లార్షా
జనవరి 18

చెల్లె శోభకు ఆశీస్సులు.

బావ మనసు నొప్పిచ్చిన. నేను అనుకున్నది ఒకటి, అయ్యింది ఒకటి. ఆయనకు నా మాటగా చెప్పు.

మేడారం జాతరకు స్పెషల్ బండ్లు వేస్తున్నరు, సెలవులన్ని బంద్. మహారాష్ట్ర దిక్కు నుంచి జనం బెల్లం బుట్టలతోటి ప్లాట్‌ఫాం మీదనే పండుకుంటున్నరు. ఊపిరి సలుపుతలేదు.

శ్యాంసుందర్ మల్ల ఫోన్ చేసిండు. మల్లన్నకు ఊరంతా మీ కుండల్నే వండిండ్లని చెప్పిండు. నాకు నిజంగా సంతోషమైంది. నేను ఆలోచించి ఒక దారి చూసిన. సారె తిప్పింది బావ. తిప్పినోడు మగోడైనంక నియమం తప్పినట్టు గాదు. కుండలు బావయి, నువ్వు చెయ్యి సాయం పట్టినవు. శ్యాంసుందర్ గూడ ఈ మాటకు ఒప్పుకున్నడు. పరకాల వాళ్ళకు గూడ ఇదే చెప్త. బాజాతోటి మీ ఇంటికే వస్తం, ఐరేని కుండలు అక్కడ్నే తీసుకుంటం. నువ్వు చెయ్యాల్సిందల్లా ఊకుండుడు.

నేను ఇంత దిగి వచ్చిన. నువ్వు గూడ ఒక్క మెట్టు దిగు.

మీ
చంద్రన్న

*

ఎర్రకుంటపల్లి
జనవరి 23

చంద్రన్నకు దండాలు.

మెట్టు దిగుమన్నవు. సారె కాడ నేల మీదనే కూసుంట అన్నా నేను, ఇంకెక్కడికి దిగాలె?

ఊరు కుండలు తీసుకున్నదని నీకు చెప్పిన పెద్దమనిషి ఎట్ల తీసుకున్నదో చెప్పినట్టు లేడు. జాతర దగ్గరపడ్డా మా వాకిట్లకు ఎవ్వరు రాలే. ఒకనాడు పొద్దుగాల గౌడోళ్ళ రాజక్క వచ్చింది. దారి మీద నిలబడి, అందరికి వినపడేటట్టు, ఇవి నీ చేతియేనా అని అడిగింది. మా ఆయనయి అంటే ఆడికాడికే అయిపోతుండె. మీ బావ పక్కనే ఉన్నడు, ఆయన గూడ ఏమనకపోతుండె. కాని ఆ మాట నా నోట్లెకెల్లి రాలే.

"నా చేతియే" అన్న.

రాజక్క ఒక కుండను వేలితోటి కొట్టి సప్పుడు విన్నది. "నలభై ఏండ్లకెల్లి మల్లన్నకు బువ్వ వండుతాన. వండే చెయ్యి ఆడదైతే తిన్న దేవునికి, కుండ చేసిన చెయ్యి ఆడదైతే వచ్చే రోగమేంది?" అని, కుండను సంకల పెట్టుకొని పోయింది. పొద్దు గూకే వరకు వాకిలి ఖాళీ అయింది.

అంత మంది ముంగట నాది అన్న కుండను, నా మేనకోడలు పెండ్లికాడ నాది గాదంటనా? నువ్వు చెప్పిన దారి నాకొద్దు. నీ ఉత్తరం మీ బావకు సదివి వినిపించిన. ఆయన ఏమన్నడో ఎరుకేనా? "తిప్పినోనిదే కుండైతే, మీ బాపు సారె నువ్వు గూడ చిన్నప్పుడు తిప్పినవు గదా, ఆ కుండలన్ని నీయేనా అని మా బామ్మర్దిని అడుగు" అన్నడు. అడుగుతాన.

బాజాతోటి వస్తే శోభారాణి చేసిన కుండలకని వచ్చినట్టు రా. ఆ మాట పరకాల వాళ్ళ ముంగట గూడ నువ్వే చెప్పాలె. చెప్పలేనంటవా, నెక్కొండకు పో, నేను ఏడ్చుకుంటనో కొట్టుకుంటనో నా తిప్పలు నేను పడత. అబద్ధం కాడ మాత్రం నన్ను మేనత్తను చెయ్యకు.

మధు కాజీపేటల రైలెక్కి మీ ఇంటికి వస్తాండు. వాని చేతికి నేను చేసిన చిన్న గురిగి ఒకటి ఇచ్చి పంపుతాన. పాలు తోడేసుకుంటవో పగలగొట్టుకుంటవో నీ ఇష్టం. నువ్వు పోశయ్య కొడుకువు, చేతిల పట్టుకుంటే నీకే తెలుస్తది. తెలిసినంక కవరు మీద ఏం రాయాలెనో గూడ తెలుస్తది.

శోభ

*

ఎర్రకుంటపల్లి
ఫిబ్రవరి 7

చంద్రన్నకు, వినోద వదినకు దండాలు.

నిన్న పోస్టుమ్యాన్ మా వాడకట్టు మొదట్లనే బండి దిగిండు. ఇన్నేండ్లకెల్లి మా ఇల్లు ఎరుకున్న మనిషే, ఎవ్వరిని అడిగే పని లేదు. అయినా గడప గడపకు ఆగి, కవరు మీదికి పట్టి సదువుకుంట, కుమ్మరి శోభారాణి ఇల్లు ఎక్కడ అని అడుక్కుంట వచ్చిండు. రాజక్క అయితే చెయ్యి పట్టుకొని తోలుకొచ్చింది. మీ బావ చేతికి ఇయ్యబోతే ఆయన తీసుకోలే. నాది గాదని నా దిక్కు చూయించిండు.

లోపల పసుపు పెట్టిన పెండ్లి కార్డు ఒక్కటే ఉన్నది. నువ్వు చిన్న ముక్క గూడ రాయలే. రాయకు, పైన రాసింది చాలు. మట్టి చేతులని కవరు అంచుల పట్టుకొని లోపట పెట్టిన.

గురిగి సంగతి వదిన ఫోన్ల చెప్పింది. డ్యూటీకెల్లి రాంగనే దాన్ని వేలితోటి కొట్టి చూసినవట. తానం చేసి వచ్చి మల్ల కొట్టినవట. అన్నం తిని మల్ల కొట్టినవట. ఆఖరికి చెవి కాడ పెట్టుకొని కొట్టి, ఎవ్వరితోటి ఏమనకుండ పరకాలకు ఫోన్ చేసి, మా చెల్లె చేసిన కుండలే వస్తయి అన్నవట. వదిన నవ్వుకుంట చెప్పింది. నేను నవ్వలే, ఫోను పెట్టేసి జరసేపు ఏడ్చిన. ఈ ముచ్చట నువ్వు ఎవ్వరికి చెప్పకు.

ఇగ పని మాట. ఐరేని కుండలు ఆరుతున్నయి. పొద్దుగాల మీ బావ, నేను ఇద్దరం పొయ్యి ముందర కూసోని చెంపలు ఎచ్చగ చేసుకుంటానం, ఆయనకు బీడీ, నాకు చాయ. ఇప్పటికింక సల్లగనే తగులుతున్నయి. తగిలినన్ని దినాలు వాముల పెట్టను, తొందర పెట్టకు. ఎండ ముదిరింది, ఫికర్ లేదు.

బాజావోళ్ళను మా సందు మొదట్లకెల్లే కొట్టుకుంట రమ్మను. దీపను గూడ తీసుకరా, తన కుండలు తనే చూసుకుంటది. పెండ్లిపిల్ల గడప దాటొద్దంటవు, ఆ నియమం గూడ నాకు ఎరుకే. శ్యాంసుందర్ పెద్దమనిషికి చెప్పుడు మరువకు, ఫోటో తీసుకుంటడు.

ఉంట,
కుమ్మరి శోభారాణి